హస్త కార్తెలో నర్సరీ

రాజమహేంద్రవరం నుంచి పదహారో నంబరు జాతీయ రహదారి మీద రావులపాలెం వైపు వెళ్తుంటే వేమగిరి దగ్గర్నుంచి రోడ్డుకు రెండు పక్కలా మొక్కలే. కడియం, కడియపులంక, బుర్రిలంక, వీరవరం, పొట్టిలంక, దుళ్ల, జేగురుపాడు... ఈ ఊళ్లలో ఇంటి పెరడు ఎక్కడ ముగిసిందో, నర్సరీ ఎక్కడ మొదలైందో పోల్చుకోవడం కష్టం. గోదావరి వేల ఏళ్లుగా తెచ్చి పోసిన ఒండ్రు, 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా కాలువల్లో పారిన నీరు ఇక్కడ మొక్కల పెంపకాన్ని ఒక జీవనాధారంగా నిలబెట్టాయి. ఇక్కడి నుంచి లారీల్లో వెళ్లిన మొక్కలు దేశంలో చాలా రాష్ట్రాల్లో నీడనిస్తున్నాయి, పూస్తున్నాయి.

ఋతువు మారే తీరు చూడాలంటే నర్సరీని మించిన చోటు లేదు. తోటలో వేళ్లూనిన మామిడి చెట్టు కింద మీటర్ల లోతు మట్టి ఉంటుంది. వారం రోజులు ఎండ కాసినా, రెండు రోజులు వాన పట్టినా ఆ లోతులో పెద్ద తేడా రాదు. సంచిలోని మొక్కకు ఉన్నదల్లా లీటరో రెండు లీటర్లో మట్టి. పొద్దున తడిపితే సాయంత్రానికి ఆరిపోతుంది, ఒక్క జల్లుకే నిండిపోతుంది. గాలి తిరిగినా, ఎండ ముదిరినా, రాత్రి చల్లబడినా చెట్టు కంటే చాలా ముందుగా దానికి తెలుస్తుంది. పైగా ఒకే ఆవరణలో వందల జాతులుంటాయి. ఒకే మార్పుకు బంతి ఒకలా, క్రోటన్ ఒకలా, గులాబీ మరోలా స్పందించడం ఒక్కసారి తిరిగొస్తే చూడొచ్చు.

ఈ అధ్యాయం సెప్టెంబరు చివర మొదలై నవంబరు మొదటి వారం దాకా సాగే నలభై రోజుల గురించి. రైతు లెక్కలో హస్త, చిత్త, స్వాతి కార్తెలు. ఈ నలభై రోజుల్లో రెండు మార్పులు కలిసి నడుస్తాయి. ఒకటి ఆకాశంలో జరిగేది: పగలు తరిగి రాత్రి పెరగడం. ఇది రోజుకు ఒక నిమిషం చొప్పున, ఏటా అవే తేదీల్లో, పొల్లుపోకుండా జరుగుతుంది. రెండోది గాలిలో జరిగేది: నైరుతి వెనుదిరగడం, ఈశాన్యం రావడం, నడుమ వాయుగుండాలు పుట్టడం. దీని తేదీ ఏ ఏటికాయేడే. మొక్క మొదటిదాన్ని నమ్ముకుని పూతకు సిద్ధమవుతుంది, రెండోదాన్ని తట్టుకుని బతుకుతుంది. నర్సరీ పనంతా ఈ రెండింటి మధ్య ఎడాన్ని పూడ్చడమే. ఆ ఎడం పెరుగుతోందని నేను అనుకుంటున్నాను. ఎందుకో ముందుకు వెళ్లేకొద్దీ తెలుస్తుంది.

కార్తె లెక్క

సూర్యుడు ఒక నక్షత్రంలో ఉండే కాలం ఒక కార్తె. నక్షత్రాలు 27, ఏడాదికి 365 రోజులు, కాబట్టి ఒక్కో కార్తె పదమూడున్నర రోజులు. పండుగలు చంద్రుణ్ని బట్టి వస్తాయి గనుక దసరా ఒక ఏడు సెప్టెంబరు నెలాఖరులో వస్తే, మరో ఏడు అక్టోబరు మూడో వారం దాటాక వస్తుంది. హస్త కార్తె అలా కాదు. ఏటా సెప్టెంబరు 27 ప్రాంతంలోనే మొదలవుతుంది. పూజకు చంద్రుడు, సేద్యానికి సూర్యుడు అని మన పెద్దలు ఒకే పంచాంగంలో రెండు లెక్కలు పెట్టుకున్నారు. ఎంత ఆలోచించి చేసిన ఏర్పాటో!

అయితే కార్తెలు నక్షత్రాలను బట్టి నడుస్తాయి, ఋతువులు భూమి అక్షం వాలును బట్టి నడుస్తాయి. ఆ అక్షం చాలా నెమ్మదిగా దిశ మార్చుకుంటోంది. అందువల్ల నక్షత్రాలతో కొలిచిన ఏడాది, ఋతువులతో కొలిచిన ఏడాది కంటే సుమారు 20 నిమిషాలు పొడవు. ఈ 20 నిమిషాలు పోగుపడితే డెబ్బై ఏళ్లకు ఒక రోజు, వెయ్యేళ్లకు రెండు వారాలు. అంటే ఒక కార్తె మొత్తం! రాజమహేంద్రవరంలో రాజరాజ నరేంద్రుడు ఏలిన కాలంలో రైతు హస్తలో చూసిన ఎండపొద్దును మనం ఇప్పుడు ఉత్తర కార్తెలో చూస్తున్నాం. పాత కార్తె సామెతలు కొన్ని పక్షం రోజులు అటూఇటూ అయినట్టు తోస్తే, అందులో కొంత తప్పు సామెతది కాదు, భూమి అక్షానిది.

సెప్టెంబరు 22, 23 తేదీల్లో విషువత్తు వస్తుంది. ఆ రోజు పగలూ రాత్రీ సమానమని బళ్లో చదువుకున్నాం. నిజానికి గోదావరి జిల్లాల్లో ఆ రోజు పగలు 12 గంటలు దాటి ఇంకో ఆరేడు నిమిషాలుంటుంది. సూర్యబింబం పై అంచు కనబడగానే ఉదయం అంటాం, ఆ అంచు మునిగితేనే అస్తమయం అంటాం. దానికి తోడు వాతావరణం కాంతిని వంచి, దిగంతం కింద ఉన్న సూర్యుణ్ని మనకు పైన ఉన్నట్టు చూపిస్తుంది. ఈ రెండూ కలిసి పగటికి కొన్ని నిమిషాలు అదనంగా చేర్చుతాయి. పగలూ రాత్రీ నిజంగా సరిసమానమయ్యేది మరో వారానికి, సెప్టెంబరు నెలాఖరులో. అంటే రాత్రి పగటిని దాటిపోయేది సరిగ్గా హస్త కార్తెలోనే.

ఇక్కడ, పదిహేడో అక్షాంశం దగ్గర, ఏడాదిలో అతి పొడవైన పగలు 13 గంటల 8 నిమిషాలు, అతి చిన్న పగలు 11 గంటల 6 నిమిషాలు. మొత్తం తేడా రెండు గంటలే. లండన్‌లో ఆ తేడా దాదాపు తొమ్మిది గంటలు. విషువత్తు రోజుల్లో అక్కడ పగలు రోజుకు నాలుగు నిమిషాల చొప్పున తరిగిపోతుంది, ఇక్కడ ఒక్క నిమిషం. శీతల దేశాల మొక్కకు ఋతువు గట్టిగా వినిపిస్తుంది. మన మొక్క ఎంతో చిన్న తేడాను పట్టుకోవాలి. పట్టుకుంటుంది కూడా. ఉష్ణమండలపు చెట్లలో కొన్ని అరగంట లోపు తేడాను గుర్తించి చిగురు వేస్తాయి.

రాత్రిని కొలిచే ఆకు

మొక్కకు పగటి పొడవు తెలుసని మనిషికి తెలిసింది ఒక పొగాకు మొక్క వల్ల. అమెరికాలో ‘మేరీల్యాండ్ మామత్’ అనే పొగాకు రకం వేసవిలో పొలంలో మనిషిని మించి పెరిగేది గానీ పూసేది కాదు. అదే మొక్క చలికాలంలో అద్దాల గదిలో కాస్త ఎదగ్గానే పూసేది. అక్కడి వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు గార్నర్, అల్లార్డ్ వేడిమి మార్చి చూశారు, ఎరువు మార్చి చూశారు, తడి మార్చి చూశారు. ఏదీ పనిచేయలేదు. 1918 జూలైలో వాళ్లు కుండీల్ని మధ్యాహ్నం దాటాక ఒక చీకటి కొట్లో పెట్టి, మర్నాడు పొద్దున బయటికి తెచ్చారు. అలా పగటిని కత్తిరిస్తే నడివేసవిలో మొక్క పూసింది. 1920లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. కాంతికాలావధి అనే శాస్త్ర శాఖకు అదే పునాది. కడియానికి కూతవేటు దూరంలో, రాజమహేంద్రవరంలోనే, 1947లో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ ఏర్పడింది. ఇప్పటికీ ఈ జిల్లాల్లో పొగాకు నారు పోసేది ఆగస్టు, సెప్టెంబరుల్లో, నాటేది అక్టోబరు, నవంబరుల్లో. మనం చెప్పుకుంటున్న నలభై రోజులు ఆ నారుమళ్లకు కూడా కీలకమైనవే.

తర్వాతి మలుపు 1938లో వచ్చింది. దానికి ఆధారం మన రోడ్ల పక్కన పెరిగి బట్టలకు ముళ్లకాయలు అంటించే మరులమాతంగి. ఆ మొక్కకు పగలు మధ్యలో కాసేపు చీకటి చేస్తే ఏమీ కాలేదు. రాత్రి మధ్యలో కొద్ది నిమిషాలు దీపం వెలిగిస్తే మాత్రం పూత ఆగిపోయింది. హామ్నర్, బానర్ చేసిన ఈ ప్రయోగంతో అసలు గుట్టు తెలిసింది. మొక్క కొలిచేది పగటిని కాదు, రాత్రిని. ఎడతెగని చీకటిని. మరులమాతంగికి ఎనిమిదిన్నర గంటలకు మించిన ఒక్క రాత్రి చాలు, పూత మొదలుపెట్టేస్తుంది.

కొలిచే పనిముట్టు ఆకుల్లో ఉండే ఫైటోక్రోమ్ అనే వర్ణకం. దానికి రెండు రూపాలు. సూర్యకాంతిలోని ఎరుపు పడితే చురుకైన రూపంలోకి మారుతుంది. చీకట్లో నెమ్మదిగా తిరిగి మొదటి రూపానికి వస్తుంది. దీనికి తోడు ప్రతి కణంలో దాదాపు 24 గంటల ఆవృత్తితో తిరిగే లోపలి గడియారం ఒకటుంది. ఆ గడియారం చీకటి ఉండాలని ఎదురుచూసే వేళకు వెలుతురు తగిలిందా లేదా అన్నదాన్ని బట్టి ఆకు ఋతువును తేల్చుకుంటుంది. తేల్చుకునేది ఆకు, పూసేది కొమ్మ కొస. ఆ కబురు ఎలా చేరుతుంది? 1930లలో రష్యాలో చైలఖ్యాన్ దీన్ని ఛేదించడానికి ఎంచుకున్నది చామంతినే. ఆకులకు మాత్రం పొడుగు రాత్రులు ఇచ్చి, కొసను పొడుగు పగళ్లలో ఉంచినా చామంతి పూసింది. ఆకులో ఏదో పదార్థం పుట్టి కొసకు ప్రయాణిస్తోందని ఆయన ఊహించారు. అది ఒక ప్రోటీన్ అని తేలడానికి డెబ్బై ఏళ్లు పట్టింది.

కడియంలో ఇదంతా కళ్ల ముందు జరుగుతుంది. వానాకాలం మొదట్లో చామంతి పిలకలు విడదీసి సంచుల్లో పెడతారు. గుబురుగా రావాలని తలలు తుంచుతూ ఉంటారు. రాత్రులు తగినంత పొడవయ్యే వేళకు తుంచడం ఆపేస్తారు. అప్పుడు తుంచితే పోయేది ఆకు చిగురు కాదు, రాబోయే పువ్వు. ఈ రోజుల్లో ఒక చామంతి కొస కోసి, సూదితో చిన్న ఆకుల్ని ఒక్కొక్కటే తొలగించి భూతద్దం కింద పెట్టండి. ఆగస్టులో అక్కడ సన్నని కోసుగా ఉన్న కొస ఇప్పుడు వెడల్పై, పైన చదునై ఉంటుంది. ఇంకొన్నాళ్లు ఆగి చూస్తే ఆ చదును మీద అంచు నుంచి నడిమికి వలయాలుగా గింజ గింజగా బుడిపెలు. ఒక్కో బుడిపె ఒక్కో చిన్న పువ్వు. మనం ఒక పువ్వనుకునే చామంతి అలాంటి వందల పువ్వుల గుత్తి. కొనేవాడికి మొగ్గ కనబడేసరికి, మొక్క నిర్ణయం తీసుకుని వారాలు గడిచి ఉంటాయి.

ఇదే రోజుల్లో తెలంగాణలో బతుకమ్మకు గునుగు పూలు కోసుకొస్తారు. గునుగు కూడా రాత్రి పొడవు పెరిగితే త్వరగా పూసే జాతే. చేలగట్ల మీద ఎవరూ నాటని మొక్క పండుగ వేళకు తెల్లగా విరగబూయడం వెనక ఈ కొలతకు పాత్ర ఉంది.

రాత్రి ఒక్కటే సరిపోదు, రాత్రి చల్లదనం కూడా కావాలి. ఎర్రటి ఆకులతో డిసెంబరులో అమ్ముడుపోయే పాయిన్‌సెట్టియా దీనికి మంచి ఉదాహరణ. రాత్రి పగటిని దాటే ఈ వేళకే దానికి పూత సంకేతం అందుతుంది. కానీ రాత్రులు వెచ్చగా ఉంటే సంకేతం అందినా పని సాగదు, రంగు రావడం వారాలు వెనకబడుతుంది. చామంతి కూడా వేడి రాత్రుల్లో మొగ్గను ఎదగనివ్వదు. ఆకాశం సమయానికే పిలిచినా గాలి ఆ పనిని వాయిదా వేయగలదు.

దీపాల సంగతీ చెప్పాలి. వీధి దీపం కింద, ఇంటి వరండా దీపం కింద పెట్టిన చామంతి ఎందుకు పూయదని చాలామంది ఎరువులు మార్చి చూస్తారు. దాని ఆకులకు ఇంకా రాత్రి కాలేదు, అంతే. కుండీని చీకటి పడే మూలకు జరిపితే చాలు.

గాలి తిరిగినప్పుడు

ఇక రెండో మార్పు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మన మీదికి వచ్చే గాలి అరేబియా సముద్రం మీదుగా, తడి మోసుకుని, పడమర, నైరుతి దిక్కుల నుంచి వస్తుంది. సెప్టెంబరులో ఉత్తర భారతం చల్లబడడం మొదలవగానే దాన్ని లాగే బలం తగ్గుతుంది. రాజస్థాన్ వైపు నుంచి రుతుపవనాలు వెనక్కి జరుగుతాయి. మబ్బులు విచ్చి ఆకాశం కడిగినట్టుంటుంది. సూర్యుడు ఇంకా ఎత్తులోనే ఉంటాడు, అక్టోబరు నడుమ కూడా మిట్టమధ్యాహ్నం దిగంతం నుంచి 64 డిగ్రీల పైన. అందుకే ఆశ్వయుజంలో ఎండ చురుక్కుమంటుంది, రాత్రి మాత్రం మబ్బు దుప్పటి లేక నేల వేడి నేరుగా ఆకాశంలోకి పోయి తెల్లవారుజామున ఆకుల మీద మంచు పడుతుంది.

ఈ మార్పు మొక్కకు ఏం చేస్తుందో ఒక చిన్న లెక్కతో చూద్దాం. శ్రావణంలో ఒక ముసురు రోజున గాలిలో తేమ 85 శాతం ఉందనుకుందాం. నిండడానికి ఇంకా 15 పాళ్లు ఖాళీ. అక్టోబరులో ఒక మధ్యాహ్నం తేమ 55 శాతానికి పడిపోయింది. ఖాళీ 45 పాళ్లు. ఉష్ణోగ్రత రెండు రోజులూ 32 డిగ్రీలే అయినా ఆకు నుంచి గాలి నీటిని లాగే బలం మూడింతలైంది. థర్మామీటరు చూసే మనిషికి ఇది తెలియదు. ‘ఉక్కపోత తగ్గింది, హాయిగా ఉంది’ అనుకుంటాడు. మనకు హాయినిచ్చే ఆ గాలే సంచిలోని మొక్కకు మూడు రెట్ల దాహం.

పైగా ఆ మొక్క ఆకులు ఎలాంటివి? వానాకాలపు మబ్బు వెలుతురులో పుట్టినవి. వెడల్పుగా, పల్చగా, పైన మైనపు పొర సన్నగా. తక్కువ వెలుతురును ఒడిసిపట్టడానికి తయారైన ఆకులవి. ఒక్కసారిగా నిండు ఎండ పడితే అవి పట్టుకున్న కాంతిని వాడుకోలేవు, ఆ మిగులు శక్తి పత్రహరితాన్నే దెబ్బతీస్తుంది. పచ్చని ఆకు నడుమ తెల్లటి మచ్చలు, అంచుల్లో గోధుమరంగు కాలిన గుర్తులు వస్తాయి. తెగులేమో అని మందు కొట్టినందువల్ల ప్రయోజనం లేదు. కాలిన ఆకు మళ్లీ బాగుపడదు. కొత్త వెలుతురులో పుట్టే ఆకే మందంగా, చిన్నగా, గట్టిగా వస్తుంది. అందుకే షేడ్‌నెట్ కింది మొక్కను ఒక్కరోజులో బయట పెట్టరు. ముందు పొద్దుటి ఎండకు, ఆపైన మధ్యాహ్నం దాకా, కొత్త ఆకులు రెండు జతలు వచ్చేదాకా అలవాటు చేస్తారు.

ఈ గాలి మార్పుకు అన్నింటికన్నా ముందు లోనయ్యేవి గూటీలు. జామ, నిమ్మ, దానిమ్మ కొమ్మలకు ఆషాఢ శ్రావణాల్లో ఉంగరంలా బెరడు తీసి, తడి కొబ్బరి పొట్టో నాచో చుట్టి, పైన పాలిథిన్ కాగితం కడతారు. బెరడు లోపలి పొరలో ఆకుల నుంచి కిందికి దిగే చక్కెర, ఆక్సిన్ అనే హార్మోను ఆ ఉంగరం దగ్గర ఆగి పోగవుతాయి. నీళ్లు మాత్రం లోపలి కట్టెలోంచి మామూలుగానే పైకి పోతుంటాయి. తల్లి చెట్టు నీళ్లిస్తూనే ఉంటుంది, పోగైన హార్మోను వేళ్లు పుట్టిస్తుంది. కాగితం లోంచి తెల్లటి వేళ్లు కనబడి, కాస్త గోధుమరంగు తిరగ్గానే కోస్తారు. ఆ కోత పడేది సరిగ్గా ఇప్పుడు, గాలి ఎండిపోతున్న వేళ. నిన్నటిదాకా పెద్ద చెట్టు వేళ్ల మీద బతికిన కొమ్మకు ఇవాళ గుప్పెడు వేళ్లే దిక్కు, గాలేమో మూడింతలు లాగుతోంది. అందుకే కోయగానే సగం ఆకులు తీసేసి, వారాల పాటు దట్టమైన నీడలో తడి ఆరకుండా ఉంచుతారు. కొనేవాళ్లు ‘ఆకులు తక్కువున్నాయి, నీరసంగా ఉంది’ అని పక్కన పెట్టే గూటీ నిజానికి తెలివిగా తయారు చేసినది. ఆకులు గుబురుగా ఉండి అప్పుడే కోసిన గూటీని నేనైతే తీసుకోను.

సంచి అడుగున

పైన గాలి ఎండుతుంటే, అడుగున పరిస్థితి దానికి విరుద్ధం. నర్సరీలో చచ్చిపోయే మొక్కల్లో ఎక్కువ భాగం నీళ్లు లేక కాదు, నీళ్లు ఎక్కువై పోతాయి. ఇది వినడానికి వింతగా ఉంటుంది, ఎందుకంటే సంచికి కింద చిల్లులున్నాయి కదా, అదనపు నీళ్లు పోతాయి కదా అనుకుంటాం.

ఒక స్పాంజి ముక్క తీసుకుని బాగా తడిపి, అరచేతిలో అడ్డంగా పట్టుకోండి. కారాల్సింది కారి ఆగిపోతుంది. ఇప్పుడు దాన్ని నిలువుగా తిప్పండి. మళ్లీ నీళ్లు కారతాయి. స్పాంజి అదే, నీళ్లు అవే, మారింది ఎత్తు. సన్నని రంధ్రాలున్న ఏ పదార్థమైనా అడుగున కొంత ఎత్తు మేర నీళ్లను వదలకుండా పట్టుకుంటుంది. ఆ ఎత్తును తేల్చేది మట్టి రేణువుల సైజు, అంతేగానీ చిల్లుల సంఖ్య కాదు. లోతైన నేలలో ఆ నీళ్లను కింది మట్టి లాగేసుకుంటుంది. సంచికి కింద లాగే మట్టి లేదు. కాబట్టి ఎంత చిన్న సంచి అయితే అందులో అంత ఎక్కువ భాగం నీళ్లు నిలిచిన మట్టే. నారు పెంచే ప్రోట్రేలో, నాలుగైదు సెంటీమీటర్ల లోతున్న గదిలోనైతే దాదాపు సగం. కుండీ అడుగున పెంకులో గులకరాళ్లో వేస్తే నీళ్లు బాగా పోతాయన్న నమ్మకం అందరిలో ఉంది. నిజానికి ఆ తడి పొర పెంకుల పైకి జరిగి వేళ్లకు ఇంకా దగ్గరవుతుంది. మట్టి మొత్తంలో కొబ్బరి పొట్టు, ముతక ఇసుక కలిపి రేణువుల్ని పెద్దవి చేయడమే దారి.

నీళ్లు నిలిస్తే వేళ్లకు ఊపిరాడదు. నీటిలో ఆక్సిజన్ కదలిక గాలిలో కంటే సుమారు పది వేల రెట్లు నెమ్మది. ఊపిరాడని వేరు నీళ్లను లోపలికి తీసుకునే శక్తి కోల్పోతుంది. అదే సమయంలో పితియం లాంటి శిలీంధ్రాల తరహా జీవులకు పండుగ. వాటి బీజాలకు సన్నని తోకలుంటాయి. మట్టి రేణువుల మధ్య నీటి పొరల్లో ఈదుకుంటూ వేరు కొసల్ని వెతుక్కుంటూ వెళ్తాయి. నారుమడిలో మొలకలు మట్టి మట్టాన మెత్తబడి పక్కకు ఒరిగిపోయే నారుకుళ్ళు తెగులు ఇలాగే వస్తుంది. బంతి నారైనా, పొగాకు నారైనా అంతే. రాగి మందు, ట్రైకోడెర్మా సాయపడతాయి గానీ తడి తగ్గించకుండా ఏ మందూ నిలవదు.

అనుభవమున్న పనివాళ్లు పైన మట్టి చూసి నీళ్లు పెట్టరు. సంచిని ఎత్తి చూస్తారు. పైన ఎండి పొడిగా ఉన్నా బరువుగా ఉంటే వదిలేస్తారు. ఇంకా అనుమానముంటే సంచిని వంచి, మట్టి ముద్దను అలాగే బయటికి జార్చి అడుగు చూస్తారు. తెల్లగా, తడిగా, సన్నని నూగుతో ఉన్న వేళ్లయితే భయం లేదు. గోధుమరంగుకు తిరిగి, వేలితో లాగితే పై తొడుగు ఊడొచ్చి లోపలి దారం లాంటిది మిగిలితే, ముక్కు దగ్గర పెట్టుకుంటే మురుగు వాసన కొడితే, ఆ మొక్క పైకి ఎంత పచ్చగా ఉన్నా దాని రోజులు దగ్గరపడ్డట్టే. ఆకులకు ఆ కబురు అందడానికి ఇంకా కొన్ని రోజులు పడుతుంది.

తేదీలు తప్పుతున్న ఆకాశం

రుతుపవనాలు ఎప్పుడు వెనుదిరుగుతాయో చెప్పే పాత పట్టిక 1901 నుంచి 1940 దాకా ఉన్న లెక్కల మీద తయారైంది. దాని ప్రకారం రాజస్థాన్ పడమటి కొసన వెనకడుగు సెప్టెంబరు 1న మొదలవ్వాలి. 2020లో భారత వాతావరణ విభాగం ఇటీవలి దశాబ్దాల లెక్కలతో ఆ పట్టికను సవరించింది. కొత్త తేదీ సెప్టెంబరు 17. పదహారు రోజుల తేడా. దేశం మొత్తం నుంచి వెళ్లిపోయే తేదీ మాత్రం అక్టోబరు 15 దగ్గరే ఉంది. అంటే తడి కాలం ఎక్కువ రోజులు నిలిచి, వెళ్లేటప్పుడు త్వరత్వరగా వెళ్తోంది. మొక్క తడి గాలి నుంచి పొడి గాలికి అలవాటు పడడానికి దొరికే వ్యవధి కుంచించుకుపోయింది.

ఈ రోజుల్లోనే బంగాళాఖాతం మేల్కొంటుంది. జూలై, ఆగస్టుల్లో సముద్రం వెచ్చగానే ఉన్నా పెద్ద తుఫానులు అరుదు. కింద పడమటి గాలి, పైన తూర్పు గాలి బలంగా వీస్తూ ఎదిగే మబ్బుల గోపురాన్ని విరిచేస్తాయి. అక్టోబరుకు ఆ గాలుల పెనుగులాట సడలుతుంది, సముద్రపు వేడి తగ్గదు. అల్పపీడనం వాయుగుండమై, వాయుగుండం తుఫానై తీరం వైపు నడుస్తుంది. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమను తాకిన తుఫాను వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీసింది, కొబ్బరి తోటల్ని నేలమట్టం చేసింది. ఆ జిల్లాల్లో నడివయసు దాటిన వాళ్లెవర్ని అడిగినా ఆ రాత్రి గురించి చెబుతారు. 2020 అక్టోబరు 13 పొద్దున కాకినాడ దగ్గర తీరం దాటిన తీవ్ర వాయుగుండం ఆ రాత్రికి హైదరాబాద్‌ను ముంచింది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని మోయగలదు. భూమి వేడెక్కుతున్నకొద్దీ ఇలాంటి వానలు మరింత భారీగా కురవడానికి మూలం ఈ ఒక్క భౌతిక నియమంలో ఉంది.

ఇక్కడే ఆ ఎడం బయటపడుతుంది. చామంతి రాత్రిని కొలిచి తన తేదీకి తాను మొగ్గ వేస్తుంది. రాజరాజు కాలంలోనూ అదే రాత్రి, ఇప్పుడూ అదే రాత్రి. కానీ ఆ రాత్రికి తోడుగా రావాల్సిన చల్లదనం ఆలస్యమవుతోంది, పోవాల్సిన తడి పోవడం లేదు. మొగ్గ విచ్చే వేళ వాన పడితే రేకుల మధ్య నీరు నిలిచి కుళ్లు పట్టుకుంటుంది. తల తుంచే తేదీని నర్సరీ వాళ్లు మార్చగలరు, నారు పోసే తేదీని మార్చగలరు, ఒకే రోజున అంతా పోయకుండా వారం వారం ఎడంతో దఫాలుగా పోయగలరు. రాత్రి పొడవును మార్చలేరు.

వాయుగుండం కబురు రాగానే పెద్ద సంచుల్ని పడుకోబెడతారు, షేడ్‌నెట్ విప్పేస్తారు. విప్పకపోతే అది గాలికి తెరచాపలా నిండి స్తంభాలతో సహా లేచిపోతుంది. అసలు ప్రమాదం తుఫాను వెళ్లాక మొదలవుతుంది. మబ్బు విడిపోయి నిండు ఎండ కాసిన తొలి రోజు మధ్యాహ్నానికి వరుసలకు వరుసలు తలలు వాల్చేస్తాయి. చూసిన వాళ్లు కంగారుపడి పైపు పట్టుకుంటారు. అలా చేయకూడదు. మట్టి నిండా నీళ్లున్నాయి. మూడు రోజులుగా ఊపిరాడని వేళ్లు ఆ నీళ్లను పైకి ఎత్తలేకపోతున్నాయి, పైన గాలి మాత్రం లాగుతోంది. తడిలోనే మొక్క దాహంతో వాడుతోంది. ఆ రోజు చేయాల్సింది విప్పిన నెట్‌ను వెంటనే తిరిగి కట్టి నీడ ఇవ్వడం, సంచుల్ని నీళ్లు నిలిచిన చోటు నుంచి ఎత్తు మీదికి మార్చడం, ఎండ తీవ్రంగా ఉన్న గంటల్లో ఆకుల మీద మాత్రం సన్నని తుంపర కొట్టడం. అడుగున చిల్లులు మట్టితో మూసుకుపోయి ఉంటే పుల్లతో తెరవాలి. రెండు మూడు రోజుల్లో కొత్త వేరు కొసలు తెల్లగా కనబడితే మొక్క నిలదొక్కుకున్నట్టు. అప్పటిదాకా ఎరువు వేయకూడదు, బలం మందు కొట్టకూడదు. వేరు కోలుకున్నాకే అవి ఒంటబడతాయి.